జోడు గొట్టాల పాత తుపాకీ: గొట్టాలు దానివేనా, తర్వాత వేసినవా?

అమలాపురం దగ్గర మీ తాతగారింట్లో ఉన్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ గురించి మీరు అడిగింది ఇదండి: పై రిబ్బు మీద, అంటే రెండు గొట్టాల మధ్య పైన అతికిన పట్టీ మీద, కలకత్తా ఆర్.బి. రోడా కంపెనీ పేరుంది. ట్రిగ్గర్ గార్డు తోక మీద ఒక నంబరు, గొట్టాల అడుగున ఇంకో నంబరు, లైసెన్సు పుస్తకంలో ఈ రెండూ కాని మూడోది. గొట్టాలు తుపాకీతో పాటు వచ్చినవేనా, ఎవరో మార్చారా, మారిస్తే దానికి ఇక విలువ లేనట్టేనా, పేల్చవచ్చా అని మీ సందేహం.

మీరు పంపిన ఫొటోలన్నీ పైవైపు తీసినవి. ఈ ప్రశ్నకు జవాబు పైన దొరకదు, గొట్టాల అడుగున ఉంటుంది. రిబ్బు మీద పేరు చాలాసార్లు అమ్మినవాడిదే. కలకత్తాలో రోడా, మాంటన్, మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ లాంటి కొట్లు బర్మింగ్‌హామ్ నుంచి, బెల్జియంలోని లియేజ్ నుంచి తుపాకులు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మేవి. 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు మౌజర్ పిస్తోళ్ళు ఎత్తుకుపోయిన కేసులో వినిపించే రోడా కంపెనీ ఇదే. పైగా రిబ్బును టంకం కరిగించి తీసి వేరే గొట్టాల మీద అతికించడం పెద్ద పని కాదు. పేరు నిజమైనదే అయినా గొట్టాలు వేరేవి కావచ్చు.

చెయ్యి వేసే ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడండి. మడిచి రెండు ఛాంబర్లూ, అంటే గొట్టాల వెనక తూటా కూర్చునే చోట్లు, వెలుతురులో చూడాలి. పాత తూటా తుప్పు పట్టి లోపల ఇరుక్కుని ఉంటే మేకుతోనో చువ్వతోనో పొడవకండి, లైసెన్సున్న ఆయుధాల డీలరుకు అప్పజెప్పండి. మూతి వైపు నుంచి మందు కూరే పాత రకమైతే, ఒక సన్నని వెదురుపుల్లను గొట్టంలోకి అడుగు తగిలేదాకా దించి గుర్తు పెట్టుకుని, అదే పుల్లను బయట గొట్టం పక్కన పెట్టి చూడండి. లోపలికి దిగిన పొడవు నిప్పు అందే కన్నం దాకా రాకుండా మూడు నాలుగు వేళ్ళ ముందే ఆగిపోతే లోపల మందూ గుండూ ఉన్నాయనే అనుకోవాలి. నూరేళ్ళ నాటి నల్ల తుపాకీమందు కూడా పొడిగా ఉంటే అంటుకుంటుంది.

ఖాళీ అని తేలాక విప్పండి. ముందు చేతిపట్టు చెక్క, అంటే ఫోరెండ్, దాని కిందనున్న మీటో గుబ్బో నొక్కితే ఊడుతుంది. తర్వాత పై లివర్ పక్కకు నెట్టి, గొట్టాలు మడిచి, కీలు పిన్ను మీంచి పైకెత్తితే తుపాకీ మూడు ముక్కలవుతుంది. అంతకు మించి ఒక్క స్క్రూ కూడా తిప్పొద్దు. ఇంట్లో ఉండే స్క్రూడ్రైవరు మొన ఈ సన్నని గాళ్ళకు సరిపోదు. ఒకసారి గాడి చెదిరిందంటే కొనేవాడు మొదట చూసేది దాన్నే.

ఇక శుభ్రం చెయ్యడం. మన కోనసీమ ఉప్పుగాలికి అడుగున జిడ్డూ తుప్పూ కలిసి పెచ్చు కట్టి ఉంటాయి. కిరసనాయిలు రాసి ఒక రాత్రి ఉంచి, మెత్తని పళ్ళబ్రష్‌తో తోమి, పాత నూలుబట్టతో తుడవండి. చింతపండు, నిమ్మకాయ, ఎమిరీ కాగితం, ఇత్తడి సామాన్లు తోమే పొడి ఏదీ దగ్గరికి రానివ్వకండి. ముద్రలు అంత లోతుగా ఉండవు, రుద్దితే అరిగిపోతాయి. ఆ ముద్రలు పోతే తుపాకీ చరిత్ర చెప్పే ఆధారమే పోయినట్టు. పని అయ్యాక కొబ్బరినూనె రాసే అలవాటుంటే మానేయండి, అది గట్టిపడి జిగురై తేమను కిందే పట్టి ఉంచుతుంది. పల్చటి మెషిన్ ఆయిల్ చాలు.

ముద్రలు చదవడానికి గది చీకటి చేసి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. సుద్దపొడి వేలితో అద్ది తుడిస్తే గాళ్ళలో తెల్లగా నిలుస్తుంది. ఇంకా మసగ్గా ఉంటే పల్చటి కాగితం పరిచి మెత్తని పెన్సిలుతో రుద్దండి, కంటికి కనపడని అంకె కాగితం మీద తేలుతుంది.

ముందు నంబర్ల సంగతి. ఇంగ్లీషు తుపాకీలో క్రమసంఖ్య మామూలుగా మూడు చోట్ల ఉంటుంది: ట్రిగ్గర్ గార్డు తోక లేదా యాక్షన్ మీద, గొట్టాల అడుగున చదును మీదో లంపు మీదో, ఫోరెండ్ లోపలి ఇనుము మీద. యాక్షన్ అంటే గొట్టాలు వెనక ఆని మూసుకునే, ట్రిగ్గరు యంత్రం ఉండే ఇనుప భాగం. లంపు అంటే గొట్టాల కింద దిగి యాక్షన్ గాళ్ళలో కూర్చునే ఇనుప దిమ్మ. చాలామంది ఫోరెండ్ ఇనుమును మరిచిపోతారు. అక్కడి నంబరు యాక్షన్‌తో కలిసి, గొట్టాలతో కలవకపోతే మారింది గొట్టాలే. ఫోరెండు, గొట్టాలు ఒకదానితో ఒకటి కలిసి యాక్షన్‌తో కలవకపోతే, ఇంకో తుపాకీ ముందు భాగం మొత్తం తెచ్చి దీనికి తగిలించారన్నమాట. ఉమ్మడి కుటుంబాల్లో ఒకేలాంటి రెండు తుపాకులుండి, పంపకాల్లోనో, ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేసి తెచ్చుకున్నప్పుడో, విప్పి తుడిచినప్పుడో ముక్కలు తారుమారు కావడం అసాధ్యమేమీ కాదు. మీ బంధువుల ఇళ్ళల్లో రెండో తుపాకీ ఉంటే దాని నంబర్లు కూడా రాయించి తెప్పించండి. రెండూ అడ్డదిడ్డంగా కలిశాయంటే చిక్కు అక్కడికక్కడే వీడుతుంది.

కొన్ని తుపాకులు జంటగా చేసినవి. వాటికి రిబ్బు మీద, పై లివర్ మీద, ఫోరెండ్ మీద 1 అనో 2 అనో బంగారు అంకె పొదిగి ఉంటుంది. యాక్షన్ మీద 1, గొట్టాల మీద 2 ఉంటే జంటలోని రెండు తుపాకుల గొట్టాలూ తారుమారయ్యాయని అర్థం. ఒకే తుపాకీకి రెండు జతల గొట్టాలు చేయించుకున్నవారూ ఉన్నారు. అప్పుడు రెండు జతలకూ క్రమసంఖ్య ఒకటే ఉండి, పక్కన 1, 2 ఉంటాయి.

అడుగున కనిపించే ప్రతి అంకే క్రమసంఖ్య కాదు. 12, 13, 13/1 అన్నవి బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, కొలతలు. వజ్రం ఆకారంలో 12, దాని కింద సీ అక్షరం ఉంటే అది ఛాంబరు గుర్తు. పేటెంట్ అన్న మాట పక్కన ఉండే సంఖ్య ఆ పేటెంటును ఎన్నోసారి వాడారన్న లెక్క. రెండు మూడు అంకెల చిన్న సంఖ్య అన్ని ముక్కల మీదా ఉంటే అది కర్మాగారంలో ముక్కలు కలిసిపోకుండా కొట్టుకున్న గుర్తు, లియేజ్ తుపాకుల్లో ఇది మామూలు. మీ లైసెన్సు పుస్తకంలో మూడో నంబరు ఎక్కడిదో చూడాలంటే ముందు ఈ సంఖ్యలన్నీ రాసుకుని దానితో పోల్చండి. గుమాస్తా పేటెంటు సంఖ్యనే తుపాకీ నంబరని రాసుకుని ఉండవచ్చు.

నంబరు కొట్టిన తీరు కూడా చూడాలి. భూతద్దంలో పాత అంకెల అంచులు అరిగి గుండ్రంగా, గాడి అడుగు చుట్టుపక్కల ఇనుము రంగులోనే ఉంటుంది. కొత్తగా కొట్టిన అంకె అంచున ఇనుము కొద్దిగా పైకి లేచి, లోపల మెరుస్తుంది. ఒక స్టీలు స్కేలు అంచు ఆ చోట ఆనించి వెనకనుంచి దీపం పెట్టండి. స్కేలు కింద గుంటలా వెలుగు కనిపిస్తే అక్కడ ఆకురాయి ఆడింది, పాత నంబరు తీసి కొత్తది కొట్టారు.

ఇప్పుడు అసలు విషయం, ప్రూఫ్ ముద్రలు. అమ్మకానికి ముందు ఎక్కువ మందు పెట్టి పేల్చి, గొట్టం తట్టుకుందని ప్రభుత్వం గుర్తించిన పరీక్షశాల కొట్టే ముద్ర ఇది. ఇంగ్లండులో రెండే పరీక్షశాలలు, లండన్, బర్మింగ్‌హామ్. బర్మింగ్‌హామ్‌ది 1813లో మొదలైంది. అప్పటినుంచి 1904 దాకా అక్కడి ముద్ర అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, పైన కిరీటం, సందుల్లో బీ, పీ, సీ అక్షరాలు. తనిఖీ ముద్రలో బీపీసీ బదులు వీ ఉంటుంది. 1904 నుంచి కిరీటం కింద బీవీ, కిరీటం కింద బీపీ, పొగ రాని మందుకు, అంటే నైట్రో మందుకు, కిరీటం కింద ఎన్పీ. లండన్‌ది కిరీటం కింద జీ, పీ అల్లుకున్న ముద్ర, తనిఖీకి కిరీటం కింద వీ. 1904 తర్వాత లండన్ నైట్రో ముద్రలో ఎన్పీ పైన కత్తి పట్టిన చెయ్యి ఉంటుంది.

మాటలు కూడా కాలం చెబుతాయి. నాట్ ఫర్ బాల్ అన్న మాట 1875 నుంచి 1887 దాకా చోక్ ఉన్న, అంటే మూతి దగ్గర కాస్త ఇరుకు చేసిన, గొట్టాల మీద కొట్టారు. 1887 నుంచి దాని స్థానంలో చోక్ అన్న మాట, వజ్రపు ఛాంబరు గుర్తు వచ్చాయి. నైట్రో ప్రూఫ్ అని విడిగా కొట్టడం 1896లో మొదలైంది. గుండ్ల బరువు ఔన్సుల్లో, ఛాంబరు పొడవు రెండున్నర అంగుళాలని కలిసి ఉంటే 1925 తర్వాతది. బోరు .729 అని దశాంశాల్లో ఉండి, చదరపు అంగుళానికి 3 టన్నులని ఉంటే 1954 తర్వాత పరీక్షించినది.

లియేజ్ ముద్ర కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈ, ఎల్, జీ అక్షరాలు, కింద నక్షత్రం. 1893 నుంచి దాని నెత్తిన కిరీటం చేరింది. పక్కనే పెరాన్ అనే స్తంభం బొమ్మ, తనిఖీదారు అక్షరం మీద నక్షత్రమో కిరీటమో ఉంటాయి. బోరు మిల్లీమీటర్లలో, 18.2, 18.4 అని రాసి ఉంటుంది. గొట్టం మీద ఆసియే కాకెరిల్ అని ఉంటే అది బెల్జియం ఉక్కు పేరు, తయారుచేసినవాడి పేరు కాదు. జర్మనీ తుపాకుల్లో కిరీటం కింద యూ, జీ, చోక్ గొట్టానికి డబ్ల్యూ ఉంటాయి.

ఈ ముద్రల్ని ఒక్కొక్కటిగా కాక, గొట్టాల చదును మీదివీ, అది కూర్చునే యాక్షన్ చదును మీదివీ పక్కపక్కన పెట్టి చదవాలి. రెండింటి మీదా ఒకే కాలపు, ఒకే ఊరి ముద్రలుంటే గొట్టాలు పుట్టినప్పటివే అనడానికి మంచి ఆధారం. యాక్షన్ మీద రాజదండాల పాత ముద్ర, గొట్టాల మీద 1904 తర్వాతి ముద్రలు మాత్రమే ఉన్నాయనుకోండి, గొట్టాలు తర్వాత వేసినవి. అప్పుడు యాక్షన్ మీద పాత ముద్ర పక్కన కొత్తది కూడా ఉందా అని వెతకండి. ఉంటే కొత్త గొట్టాలు వేసి మొత్తం తుపాకీని మళ్ళీ పరీక్షకు పంపారు, అంటే పని పద్ధతిగా జరిగింది. లేకపోతే ఆ గొట్టాలు ఇంకెక్కడో వేరే యాక్షన్ మీద పరీక్ష పాసై, ఇక్కడికి వచ్చి చేరాయి. యాక్షన్ బర్మింగ్‌హామ్, గొట్టాలు లియేజ్ అయితే ఇక వాదనే లేదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. గొట్టాల మీద రాజదండాలూ ఉన్నాయి, కిరీటం కింద ఎన్పీ కూడా ఉంది అనుకోండి. అవి మార్చిన గొట్టాలు కావు. నల్ల తుపాకీమందు కాలపు పాత తుపాకీని తర్వాత పొగ రాని మందుకు మళ్ళీ పరీక్ష చేయించారు, అంతే. ఇలాంటిదాన్ని మార్పిడి గొట్టమని తక్కువ ధరకు అడిగే బేరగాళ్ళున్నారు, ఒప్పుకోకండి.

ముద్రలేవీ లేని గొట్టాలంటే సాధారణంగా రెండు మార్గాలు: పరీక్ష లేకుండా స్థానికంగా చేసినవి, లేదా ముద్రలు ఆకురాయితో తీసేసినవి. రెండూ పేల్చడానికి పనికిరానివే.

ముద్రల తర్వాత కూర్పు చూడాలి. ముందుగా నంబర్ల కంటే గట్టి సాక్ష్యం ఒకటి. కొన్ని తుపాకుల్లో రిబ్బు వెనక్కి సాగి యాక్షన్ నెత్తిన ఉన్న గాడిలో కూర్చుంటుంది, గ్రీనర్ రకంలో దానికి అడ్డంగా ఒక గుండ్రని బోల్టు దూరుతుంది. మీ యాక్షన్‌కు ఆ గాడి ఉండి గొట్టాలకు ఆ తోక లేకపోయినా, గాడిలో ఇనుప ముక్క పెట్టి పూడ్చినా, గొట్టాలు వేరే తుపాకీవి. మార్చి అమ్మినవాడు అంకెలు కొట్టగలడు, కానీ ఈ తోకను కొత్తగా పుట్టించడం అతని తరం కాదు.

ఫోరెండ్ లేకుండా గొట్టాలు యాక్షన్‌కు తగిలించి మూసి, మూతి వైపు పట్టుకుని పక్కలకు ఊపండి. కదలిక తెలిసిందంటే లంపు వదులు. తర్వాత మట్టిప్రమిద దీపం మసిని యాక్షన్ ఎదురుగోడ మీద పల్చగా పట్టించి, మూసి, తెరవండి. గొట్టాల వెనక ముఖం మీద మసి రెండు వైపులా సమంగా అంటాలి. ఒక గొట్టానికే అంటినా, పైఅంచుకే అంటినా, అవి ఈ గోడకు అమర్చి రాకినవి కావు. మూసిన తుపాకీని దీపానికి అడ్డంగా పెడితే ఆ సందులోంచి వెలుగు గీత కూడా కనిపిస్తుంది. పాతబడి అరిగిన అసలు గొట్టాలకు కూడా కొంచెం సందు రావచ్చు కనుక దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

లంపు ముందువైపు, కీలు పిన్నును పట్టుకునే కొక్కెం లోపల చూడండి. అక్కడ ఇత్తడి రేకు పెట్టినా, సుత్తితో కొట్టి ఇనుమును వెడల్పు చేసిన గుంటలున్నా, వెల్డింగు పొక్కులున్నా, సరిపడని గొట్టాల్ని సరిపెట్టారు. వెల్డింగు అన్నిటికంటే చెడ్డ పని. ఆ వేడికి రిబ్బులను పట్టి ఉంచే టంకం కరుగుతుంది, లంపు దగ్గర గొట్టపు ఇనుము బలం తగ్గుతుంది. పేలుడు ఒత్తిడి అంతా వచ్చేది అక్కడే.

కాల్చిన పాత తూటా ఖాళీలు ఇంట్లో ఉంటే వాటి క్యాపు మీద పిన్ను గుంట చూడండి. గుంట నడిమధ్య కాకుండా అంచుకు జరిగి ఉంటే పిన్నుకూ ఛాంబరుకూ పొంతన లేదు. ఖాళీలను బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టరు రెండు గొట్టాల అంచుల్లో సందు లేకుండా కూర్చోవాలి. దాని చుట్టూ గోరు దూరేంత ఖాళీ ఉంటే అదీ ఇంకో తుపాకీదే.

గొట్టాలనే విడిగా పరీక్షించాలంటే ముందు లంపుకు దారం కట్టి వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి. గుడి గంటలా ఖంగున మోగి కాసేపు నిలవాలి. డబ్బా చప్పుడొస్తే రిబ్బు ఎక్కడో వదిలింది. 1986 గోదావరి వరదలోనో 1996 తుపానులోనో మీ ఇంట్లోకి నీళ్ళొచ్చి ఉంటే దీన్ని తప్పక చూడండి. రిబ్బు కింద దూరిన నీరు ఆరదు, పైన మెరుస్తున్నా లోపలినుంచి తింటుంది.

ఫోరెండ్ కప్పి ఉంచే చోట రంగు తక్కువ అరుగుతుంది కనుక డమాస్కస్ తెలిసేది అక్కడే. ఇనుమూ ఉక్కూ పేనిన పట్టీలు చుట్టి చేసిన గొట్టం కాబట్టి చారలు గొట్టం చుట్టూ, రిబ్బు అంచు దాకా, ఆగకుండా తిరుగుతాయి. పైకి డమాస్కస్‌లా కనిపించి ఫోరెండ్ కింద చారలు మాయమైతే అది మామూలు ఉక్కు మీద అచ్చేసిన నకిలీ. తుపాకీ రూపం, హ్యామర్లు 1870ల నాటివై, గొట్టాలు మాత్రం నున్నని ఉక్కువైతే మార్చారనే అనుమానించాలి. లంపులు నిలువునా మధ్యలో సన్నని గీతతో రెండుగా కనిపిస్తే అది చాపర్ లంపు, ఒక్కో గొట్టాన్ని దాని సగం లంపుతో కలిపి ఒకే ఇనుములోంచి తీసింది. డమాస్కస్ కాలపు యాక్షన్‌కు ఇలాంటి ఉక్కు గొట్టాలుంటే వాటిని మంచి పనివాడు తర్వాత వేసి ఉండాలి.

గొట్టాల వెనక పైఅంచున చిన్న గుండ్రని ముక్క పొదిగినట్టు కనిపిస్తే భయపడకండి. అది పిన్ను తూటాల కాలపు గాడిని పూడ్చి మధ్య క్యాపు తూటాకు మార్చిన గుర్తు, గొట్టాలు పాతవే అనడానికి సాక్ష్యం.

మూతి దగ్గర రెండు గొట్టాలూ దాదాపు ఒకదాన్నొకటి తాకాలి. మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందుండి అందులో టంకమో సీసమో పూడ్చి ఉంటే ముందు భాగం కోసేశారు. పొడవు కూడా కొలవండి, మడిచిన వెనక ముఖం నుంచి మూతి దాకా. ఆ కాలపు పన్నెండు బోరుకు 30 అంగుళాలు, 28 అంగుళాలు మామూలు. 26 అంగుళాల మీద కొంచెం చిల్లర వస్తే కోతేనని అనుమానించాలి. కోస్తే చోక్ కూడా పోతుంది. మూతి దగ్గర కొలతకు వెర్నియర్ సరిపోతుంది, కానీ అది చెప్పేది చోక్ సంగతే. బోరు కొలవాల్సింది వెనకనుంచి 9 అంగుళాల లోపల, దానికి బోర్ గేజ్ కావాలి.

ఆ కొలతను ముద్రతో పోల్చితే తుపాకీ ఇంకా ప్రూఫ్‌లో ఉందో లేదో తెలుస్తుంది. 13/1 అంటే .719 అంగుళం, 12 అంటే .729, 12/1 అంటే .740. గొట్టం మీద 13/1 కొట్టి ఉండి ఇప్పుడు .730 వస్తోందంటే, తుప్పు పోగొట్టడానికి లోపల రాకి రాకి పై కొలతలోకి తెచ్చేశారు. ఇంగ్లీషు నియమం ప్రకారం అది ప్రూఫ్ దాటిన తుపాకీ. గోడ మందం కూడా చూడాలి. అన్నిటికంటే పల్చని చోట 20 థౌ, అంటే అర మిల్లీమీటరు, ఉండాలని తుపాకీ పనివాళ్ళు చెప్పే కనీస లెక్క. మీరు బయటినుంచి చూసి తేల్చలేనిది ఇదొక్కటే, గేజ్ ఉన్న డీలరు దగ్గరే కొలిపించాలి.

వెనకనుంచి సుమారు మూడు అంగుళాల దూరంలో గొట్టం చుట్టూ ఉంగరంలా సన్నని గీత కనిపిస్తే అది స్లీవింగ్. పాత వెనక భాగం ఉంచి, ముందు కొత్త గొట్టాలు దూర్చి అతికే ఈ పద్ధతి 1950ల తర్వాత ఇంగ్లండులో బాగా వాడుకలోకి వచ్చింది. దీనికి అడుగున స్లీవ్డ్ అన్న మాట ఉండాలి. స్లీవ్ చేసినదాంట్లో నంబర్లన్నీ చక్కగా కలుస్తాయి కాబట్టి నంబర్లు చూసి మోసపోవద్దు.

విలువ మాటకొస్తే, నా అంచనా ఇది. అసలు కంపెనీయే అదే నంబరుతో కొత్త గొట్టాలు వేసి మళ్ళీ పరీక్ష చేయిస్తే విలువ పెద్దగా తగ్గదు, పేల్చేవాడికైతే అదే మేలు. ఇంకో మంచి పనివాడు వేసి ముద్రలు సరిగా ఉంటే కొంత తగ్గుతుంది. వేరే తుపాకీ గొట్టాలు తెచ్చి ఇత్తడి రేకులతో సరిపెట్టింది మాత్రం గోడకు తగిలించుకోవడానికే. పర్డీ, హాలండ్ లాంటి పెద్ద కంపెనీల తుపాకైతే వాటి పాత ఖాతా పుస్తకాలు ఇంకా ఉన్నాయి. యాక్షన్ నంబరు రాసి పంపితే గొట్టాల పొడవు, తర్వాత మార్చిన సంవత్సరం కూడా రాసిస్తారు, రుసుము తీసుకుంటారు.

లైసెన్సు సంగతి తేలిగ్గా తీసుకోకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ భాగాలు కూడా ఆయుధాలే. అటక మీద విడిగా గొట్టాల జత దొరికితే దాన్నీ చెప్పాలి. గుర్తింపు నంబరు చెరపడం, మార్చడం 8వ సెక్షన్ కింద నేరం. లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరుతో కలిసిపోయేలా ఎవరైనా కొట్టిస్తామంటే ఒప్పుకోకండి. గొట్టం పొట్టి చేయించడానికీ 6వ సెక్షన్ ప్రకారం అనుమతి కావాలి. మీరు చెయ్యాల్సింది, మూడు నంబర్లూ ఎక్కడెక్కడున్నాయో ఫొటోలతో సహా కలెక్టరు ఆఫీసులో ఆయుధాల విభాగానికి అర్జీ పెట్టి, తనిఖీ చేయించి పుస్తకం సరిచేయించుకోవడం. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులే ఉండాలి, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పురాతనమైనదని మినహాయింపు వస్తుందనుకోకండి, 45వ సెక్షన్‌లో ఆ మినహాయింపు మరమ్మతు చేసినా పేల్చడానికి వీల్లేనివాటికే.

పేల్చడం గురించి అడిగారు. నైట్రో ముద్ర లేని గొట్టాలలో, అవి డమాస్కస్ అయినా ఉక్కైనా, ఇప్పటి తూటా పెట్టొద్దు. ముద్ర ఉన్నా ఛాంబరు రెండున్నర అంగుళాలదైతే 65 మిల్లీమీటర్ల తూటానే వాడాలి. 70 మిల్లీమీటర్లది కూడా అడ్డులేకుండా లోపలికి వెళ్తుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు లేక ముందున్న ఇరుకులోకి చొచ్చుకుని ఒత్తిడి పెరిగిపోతుంది. పెట్టె మీద పొడవు చదవకుండా తూటా కొనకండి.

మీ తుపాకీ గురించి నిక్కచ్చిగా చెప్పాలంటే నాకు ఈ ఫొటోలు కావాలి: గొట్టాల చదును మొత్తం ఒకటి, యాక్షన్ చదును ఒకటి, లంపులు పక్కనుంచి, కొక్కెం లోపల, ఫోరెండ్ ఇనుము, మూతి ఎదురుగా, వెనక ముఖం ఎదురుగా. అన్నిటికీ టార్చి పక్కనుంచే పట్టండి, కెమెరా ఫ్లాష్ వెయ్యొద్దు, ఫ్లాష్ వెలుగులో గాళ్ళు నిండిపోయి ముద్ర కనపడదు. పక్కన ఒక స్కేలు పెట్టండి. లైసెన్సు పుస్తకంలో తుపాకీ వివరాల పేజీ కూడా తియ్యండి, మీ పేరూ చిరునామా మాత్రం కాగితంతో కప్పి.